మొరాయించే ల్యాప్‌టాప్‌కు మందేమిటి?

ఆన్ బటన్ నొక్కుతాం. లైటు వెలుగుతుంది, ఫ్యాను గుయ్యిమంటుంది, కంపెనీ బొమ్మ తెరమీదికి వస్తుంది... అంతే! మళ్ళీ చీకటి. కాసేపటికి మళ్ళీ అదే బొమ్మ, మళ్ళీ అదే చీకటి. సల్వాలో మా బిల్డింగులో ఈ నాటకం చూడని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. 2020 మార్చిలో స్కూళ్ళు మూతపడి చదువులన్నీ తెరమీదికి ఎక్కినప్పటి నుంచి ఒక్కో ఇంట్లో రెండేసి ల్యాప్‌టాపులు చేరాయి. అప్పుడు కొన్నవాటికి ఇప్పుడు వయసు మీద పడుతోంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాయో లేదో, ఎవరో ఒకరు చంకలో బ్యాగు పెట్టుకుని మా తలుపు తడతారు. "అన్నయ్యా, ఒక్కసారి దీని సంగతి చూడరూ!"

సంగతి చూసేముందు పిల్లలకు ఒక ప్రశ్న. అమ్మ పెరుగు ఎలా తోడుపెడుతుంది? గోరువెచ్చటి పాలలో చెంచాడు పెరుగు కలుపుతుంది. అంటే పెరుగు కావాలంటే ముందు పెరుగు ఉండాలి! మరి మొట్టమొదటి పెరుగు ఎక్కడి నుంచి వచ్చింది? కంప్యూటర్ కూడా ఇదే చిక్కులో ఉంటుంది. విండోస్ అనే పెద్ద ప్రోగ్రాం డిస్కులో నిద్రపోతూ ఉంటుంది. దాన్ని లేపి మెమరీలోకి తేవాలంటే ఇంకో ప్రోగ్రాం కావాలి. ఆ ఇంకోదాన్ని ఎవరు లేపుతారు? అందుకే మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో కరెంటు పోయినా చెరిగిపోని చెంచాడు ప్రోగ్రాం పెట్టి ఉంచుతారు. అదే తోడు. దీన్ని చాలాకాలం బయోస్ అన్నారు. 1970లలో గ్యారీ కిల్డాల్ అనే ఆయన పెట్టిన పేరది. ఇప్పటి ల్యాప్‌టాపుల్లో దాని స్థానంలో యూఈఎఫ్ఐ అనే కొత్త తరం వచ్చింది గానీ, వాడుకలో అందరం ఇంకా బయోస్ అనే అంటున్నాం.

ఇంగ్లీషువాళ్ళు దీనికి 'బూట్' అని పేరు పెట్టడం వెనుక కూడా ఒక చమత్కారం ఉంది. తన బూట్ల పట్టీలు తానే పట్టుకుని లాగి తనను తాను పైకి లేపుకోవడమని వాళ్ళ నానుడి. ఆ 'బూట్‌స్ట్రాప్' అరిగి అరిగి 'బూట్' అయింది. నన్నడిగితే మన తోడు పోలికే మేలు. పట్టీలు ఎంత లాగినా ఎవడూ గాల్లోకి లేవడు, తోడు వేస్తే పాలు నిజంగానే పెరుగవుతాయి!

ఇక ఆ తోడు ఏం చేస్తుందో చూద్దాం. కరెంటు రాగానే ముందు ఇల్లు సర్దుకుంటుంది. మెమరీ ఉందా, కీబోర్డు ఉందా, తెర ఉందా అని హాజరు వేస్తుంది. తరువాత డిస్కు ఎక్కడుందో వెతుకుతుంది. డిస్కులో 'బూట్ లోడర్' అనే మరో చిన్న ప్రోగ్రాంకు పగ్గాలు అందిస్తుంది. అది విండోస్ గుండెకాయను మెమరీలోకి తెస్తుంది. ఆ గుండెకాయ కీబోర్డుకు, వైఫైకి, తెరకు కావలసిన డ్రైవర్లను ఒక్కొక్కటిగా పిలుస్తుంది. చివరికి మనకు పాస్‌వర్డ్ అడిగే బొమ్మ కనిపిస్తుంది. ఇంత తతంగమూ అర నిమిషంలో జరిగిపోతుంది.

కాబట్టి ల్యాప్‌టాప్ తీసుకొచ్చినవాళ్ళను నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏ మెట్టు మీద ఆగింది?" 'అస్సలు పనిచేయడం లేదండీ' అంటే నాకేమీ తెలియదు. లైటు వెలిగిందా, బొమ్మ వచ్చిందా, వచ్చాక ఎన్ని నిమిషాలకు పోయింది? ఇవి చెబితే సగం వైద్యం అయిపోయినట్టే. ఈ విషయంలో పెద్దవాళ్ళకంటే పిల్లలే నయం. మా కిందింటి ఏడో తరగతి అమ్మాయి ఒకసారి కాగితం మీద రాసుకొచ్చింది: "బొమ్మ వచ్చింది, చుక్కలు తిరిగాయి, 40 లెక్కపెట్టేసరికి పోయింది, మూడుసార్లు ఇలాగే." ఆ పాప పెద్దయ్యాక డాక్టరయితే పేషెంట్ల అదృష్టమే!

లైటే వెలగకపోతే చార్జర్‌నే ముందు అనుమానించండి. "ఇండియా చార్జర్ కదా, ఇక్కడి కరెంటు ఎక్కువై కాలిపోయుంటుంది" అని చాలామంది అంటారు. అది నిజం కాదు. కువైట్‌లో 240 వోల్టులు, మన ఇండియాలో 230. ల్యాప్‌టాప్ చార్జర్లన్నీ దాదాపుగా 100 నుంచి 240 దాకా తట్టుకునేలాగే చేస్తారు. కావాలంటే చార్జర్ మీది చిన్న అక్షరాలు చదవండి. అసలు గొడవ పిన్నుల దగ్గర. మన గుండ్రటి పిన్నులను ఇక్కడి చదరపు కన్నాల సాకెట్‌లో దూర్చడానికి బకాలాలో కొన్న చవక అడాప్టర్ వాడతాం. అది వదులుగా ఊగుతుంది. చార్జింగ్ అవుతున్నట్టే ఉంటుంది, కానీ అవదు. సాకెట్ మార్చి, వీలైతే ఇంకొకరి చార్జర్ తెచ్చి చూడండి.

అదీ కాకపోతే ఒక చిన్న చిట్కా. చార్జర్ పీకేయండి. పెన్‌డ్రైవ్, మౌస్, ప్రింటర్ వైరు, ఏవి తగిలించి ఉంటే అవన్నీ తీసేయండి. బ్యాటరీ ఊడివచ్చే పాత మోడల్ అయితే అదీ తీయండి. అప్పుడు పవర్ బటన్‌ను అర నిమిషం పాటు నొక్కిపట్టండి. లోపల మిగిలిపోయిన కాస్త కరెంటూ ఖాళీ అవుతుంది. మళ్ళీ చార్జర్ పెట్టి ఆన్ చేయండి. మంత్రంలా అనిపిస్తుంది గానీ మంత్రం కాదు. బోర్డులో చిక్కుపడిపోయిన చిన్న సర్క్యూట్లు మొదటి నుంచి మొదలవుతాయి, అంతే. పెన్‌డ్రైవ్ తీయగానే బాగైపోయినవీ చాలా చూశాను. విండోస్ కోసం బయోస్ పెన్‌డ్రైవ్‌లో వెతికి, దొరక్క కూర్చుని ఉంటుంది పాపం!

లైటు వెలిగింది గానీ తెర నల్లగానే ఉందా? క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని దీపం వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉన్నట్టే, జబ్బు తెరకే. ఫోన్ టార్చి తెరమీద వేసి ఏటవాలుగా చూస్తే బొమ్మ మసకగా కనిపించవచ్చు. అప్పుడు బ్యాక్‌లైట్ పోయిందని అర్థం.

ఇంతవరకూ తేలిక జబ్బులే. ఇప్పుడు అసలు కథకు వద్దాం.

రాయచోటి అన్న పెళ్ళి ఫొటోలు

2023 జులైలో మా వీధి చివరి విల్లాలో డ్రైవర్‌గా ఉన్న రాయచోటి అన్న ఒకాయన పాత ల్యాప్‌టాప్ ఒకటి తువ్వాలులో చుట్టి తెచ్చాడు. కువైట్‌కు వచ్చి పందొమ్మిదేళ్ళయిందట. గేటు పక్క గదిలో ఉంటాడు. "అన్నా, ఇది లేచ్చాది, మళ్ళా పడుకుంటాది. లేచ్చాది, పడుకుంటాది. వారం నుంచి ఇదే తంతు" అన్నాడు.

అప్పటికే ఒక షాపులో చూపించాడట. 'మదర్‌బోర్డు పోయింది, విండోస్ మళ్ళీ వేయాలి, డేటా అంతా పోతుంది' అన్నారట. ఈ మాటలోనే తేడా ఉంది. మదర్‌బోర్డు పోతే విండోస్ వేసి లాభమేమిటి? విండోస్ వేస్తే బాగయ్యేదైతే బోర్డు పోయినట్టు ఎలాగవుతుంది? రెండూ ఒక్క నోటి నుంచి వచ్చాయంటే పెట్టె తెరిచి చూడలేదన్నమాట.

"డేటాలో ఏముంది?" అని అడిగాను. కూతురి పెళ్ళి ఫొటోలు, వీడియో. 2020 డిసెంబరులో పెళ్ళి. ఆ సంవత్సరం ఆగస్టు నుంచి ఇండియాతో సహా చాలా దేశాల నుంచి నేరుగా వచ్చేవాళ్ళను కువైట్ రానివ్వలేదు. వెళ్తే తిరిగి రాగలనో లేదో, అకామా ఏమవుతుందో తెలియని రోజులు. పెళ్ళి అప్పు తీర్చాల్సింది ఈ జీతంతోనే. అందుకని వెళ్ళలేదు. కన్యాదానం తమ్ముడు చేశాడు. ఆ తరువాత ఊరివాళ్ళెవరో పెన్‌డ్రైవ్ తెస్తే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాడు. పెన్‌డ్రైవ్ వాళ్ళది వాళ్ళకిచ్చేశాడు. ఊళ్ళో ఫొటోలు తీసినాయన దగ్గర కూడా కాపీ లేదు. సెలవురోజు గదిలో కూర్చుని ఆ పెళ్ళి చూసుకోవడం ఆయనకు అలవాటు.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి. డేటా ముఖ్యమైతే ల్యాప్‌టాప్‌ను బాగుచేయడం రెండో పని, డేటాను బయటికి తీయడం మొదటి పని. ఈ రెండూ వేర్వేరు పనులు. చాలామంది మొదటి రోజే విండోస్ మళ్ళీ ఎక్కించి, ల్యాప్‌టాప్ బాగైందని సంతోషించి, మర్నాడు ఫొటోల కోసం ఏడుస్తారు.

ఆన్ చేశాను. బొమ్మ వచ్చింది, చుక్కలు తిరిగాయి, 'ఆటోమేటిక్ రిపేర్' అంది, ఆరింది. మళ్ళీ మొదలు. దోషం విండోస్‌దా, యంత్రానిదా? తేల్చడానికి సులువైన దారి ఒకటుంది. విండోస్ దాకా వెళ్ళనీయకుండా బయోస్ తెరలోనే ఆపేయడం. బొమ్మ రాగానే ఒక మీట నొక్కితే ఆ తెర వస్తుంది. కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్10, డిలీట్, ఏదో ఒకటి. ఆ తెర మీద విండోస్ లేదు, వైరస్ లేదు, ఏ ప్రోగ్రామూ లేదు. అక్కడ వదిలేసి టీ పెట్టుకున్నాం. ఏడో నిమిషంలో టప్పున ఆరిపోయింది! విండోస్ నిర్దోషి అని తేలిపోయింది. కనీసం ఈ కేసులో.

పక్కనున్న జాలీ దగ్గర చెయ్యి పెడితే గాలి రావడం లేదు. అడుగుభాగం దోసె పెనంలా ఉంది. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దరిదాపులకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి యంత్రమే ఆరిపోతుంది. బయోస్ తెరలో ప్రాసెసర్‌కు విశ్రాంతి ఇచ్చే ఏర్పాట్లు సరిగా ఉండవు కాబట్టి అక్కడ వేడి ఇంకా తొందరగా ఎక్కుతుంది. స్క్రూలు విప్పి చూస్తే ఫ్యాను రెక్కలకూ రాగి జల్లెడకూ మధ్య దుమ్ము తివాచీలా పరుచుకుని ఉంది. గేటు పక్క గది, రోడ్డు మీది తౌజ్ అంతా అందులోకే! 2022 మేలో వచ్చిన దుమ్ముతుఫాన్లకు కువైట్ విమానాశ్రయంలోనే రాకపోకలు ఆగిపోయాయి. ఇంక ల్యాప్‌టాప్ ఫ్యాను ఎంత?

దుమ్ము తీశాం. ప్రాసెసర్ మీద ఎండిపోయి సున్నంలా రాలుతున్న పేస్టును తుడిచి కొత్తది రాశాం. మళ్ళీ బయోస్ తెర. గంట గడిచినా చెక్కుచెదరలేదు. అన్న ముఖంలో వెలుగు వచ్చింది. నాకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. వారం పాటు లేచిన ప్రతిసారీ హఠాత్తుగా చచ్చిన యంత్రం లోపల డిస్కు ఏ స్థితిలో ఉందో!

అది తిరిగే రకం పాత హార్డ్‌డిస్కు. నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకు 90. దానిమీద చదివే ముల్లు పళ్ళేన్ని తాకకుండా, వెంట్రుక మందంలో వేలవంతు ఎత్తున తేలుతూ ఉంటుంది. అలాంటిది ముసలితనంలో మాటిమాటికీ కరెంటు తెగితే ఊరుకుంటుందా? బయోస్‌లోనే ఉన్న డిస్కు పరీక్ష నడిపాను. ఫెయిల్.

అంటే జబ్బులు రెండు. వేడి ఒకటి, అరిగిన డిస్కు ఇంకొకటి. మొదటిదాన్ని బాగుచేసి సంబరపడి విండోస్ రిపేర్ నడిపి ఉంటే, ఆ రిపేరే ఫైళ్ళను ఇటూ అటూ జరిపి, కొనప్రాణంతో ఉన్న డిస్కును పూర్తిగా చంపేసేది. అందుకని విండోస్ జోలికే పోలేదు. ఉబుంటు అనే ఉచిత లైనక్స్‌ను ఒక పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, దానితో ల్యాప్‌టాప్‌ను లేపాను. డిస్కులో ఒక్క అక్షరం కూడా రాయకుండా, చదవడానికి మాత్రమే తెరిచాను. ముందు పెళ్ళి ఫోల్డర్, తరువాతే మిగతావి. ఏది ముందు అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. డిస్కు ఎప్పుడు ఆఖరి శ్వాస విడుస్తుందో చెప్పలేం కదా.

ఫొటోలు నెమ్మదిగా వచ్చాయి. ఆరువందల పైచిలుకులో పదకొండు రాలేదు, అన్నీ భోజనాల పంక్తివే. పెద్ద వీడియో మాత్రం తాళి కట్టేచోట ఆగిపోయింది. ఎన్నిసార్లు కాపీ చేసినా అక్కడే బిగుసుకుపోతుంది. అన్న ఏమీ మాట్లాడలేదు. తువ్వాలు మడతలు పెడుతూ కూర్చున్నాడు.

ఇలాంటిచోట డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఒకటి ఉంది. మామూలు కాపీ చెడ్డచోటు తగలగానే మొండిగా అక్కడే తల బాదుకుంటుంది. ఇది తెలివైనది. చెడ్డచోటును గుర్తుపెట్టుకుని దాటిపోతుంది, మంచిదంతా ముందు భద్రం చేస్తుంది, ఆఖరున వెనక్కు వచ్చి మిగిలినచోట్ల ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. రాత్రంతా ఏసీ గదిలో నడవనిచ్చాను. తెల్లారేసరికి వీడియో మొదటి నుంచి చివరి దాకా నడిచింది. తాళి కట్టేచోట నాలుగు సెకన్లు గళ్ళుగళ్ళుగా చెదిరిపోయి, మళ్ళీ బాజాల మధ్య సర్దుకుంది.

ఆ నాలుగు సెకన్ల గురించి నేనేదో సర్దిచెప్పబోతే, "పోతే పోనీలేన్నా. ఆ పొద్దు నేను ఆడ లేనేలేను గదా" అన్నాడు.

చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని వేశాం. ఇందులో తిరిగే పళ్ళెం ఉండదు, అంతా చిప్పులే. ల్యాప్‌టాప్ ముప్పావు నిమిషంలో లేచింది. ఫొటోలు మాత్రం ఇప్పుడు మూడుచోట్ల ఉన్నాయి: ల్యాప్‌టాప్‌లో, ఒక పెన్‌డ్రైవ్‌లో, రాయచోటిలో కూతురి దగ్గర.

లోకమంతా ఒకేసారి మొరాయించిన రోజు

మన ఒక్కరికే ఈ కష్టం అనుకోకండి. 2024 జులై 19న ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఒకేసారి ఇలాగే నీలితెర చూపించి, లేవడం, పడుకోవడం మొదలుపెట్టాయి. క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన రక్షణ ప్రోగ్రాంకు పంపిన అప్‌డేట్‌లో లోపం ఉంది. మన గడియారం ప్రకారం పొద్దున ఏడు గంటల తొమ్మిది నిమిషాలకు అది బయలుదేరింది. శుక్రవారం కాబట్టి ఇక్కడ చాలా ఆఫీసులకు సెలవు. ఇండియాలో మాత్రం అది పనిరోజు. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు లోకమంతా తిరిగింది. 78 నిమిషాలలోనే కంపెనీ తప్పు దిద్దుకుంది. కానీ ఏం లాభం? లేవలేని కంప్యూటర్ కొత్త అప్‌డేట్‌ను ఎలా అందుకుంటుంది? తోడు కథే మళ్ళీ! చాలాచోట్ల మనుషులు ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ నడిచివెళ్ళి, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలు చెరిపారు. కొన్ని యంత్రాలను 15 సార్లదాకా రీస్టార్ట్ చేస్తే బాగుపడుతున్నాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మన హైదరాబాదు బిడ్డ సత్య నాదెళ్ళ నడిపే కంపెనీ కూడా చివరికి 'ఆపి మళ్ళీ వేయండి' అన్నదంటే, మా అమ్మ రేడియో వైద్యం తక్కువదేమీ కాదు!

ఆ సేఫ్ మోడ్ ఇంట్లో కూడా పనికొస్తుంది. విండోస్ 10, 11 వరుసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే తమంతట తామే నీలిరంగు రిపేర్ తెర చూపిస్తాయి. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్ళి 4 నొక్కితే అత్యవసరమైన డ్రైవర్లతోనే లేస్తుంది. సేఫ్ మోడ్‌లో లేచి, మామూలుగా లేవకపోతే దోషం ఈమధ్య వేసిన ప్రోగ్రాందో డ్రైవర్‌దో అయ్యుంటుంది. ఈమధ్య వచ్చిన అప్‌డేట్‌ను తీసేసే మీట కూడా ఆ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోనే ఉంటుంది.

కొత్త ల్యాప్‌టాపులు కొన్నవాళ్ళకు ఒక హెచ్చరిక. ఇవి డిస్కుకు తాళం వేసి ఉంచుతున్నాయి. 2024లో వచ్చిన విండోస్ 11 కొత్త వెర్షన్ నుంచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెడితే చాలా యంత్రాల్లో ఈ తాళం దానంతటదే పడుతుంది. రిపేర్ సమయంలో 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది లేకపోతే నేను రాయచోటి అన్నకు చేసినట్టు ఉబుంటు పెట్టి ఫొటోలు తీయడం కుదరదు. ఎవరివల్లా కాదు. ల్యాప్‌టాప్ ఆరోగ్యంగా ఉన్నప్పుడే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి ఆ అంకెలు చూసి, కాగితం మీద రాసి, పాస్‌పోర్టులు పెట్టే సంచిలో పెట్టుకోండి.

ఇక మన ఎండ సంగతి. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశం మనం ఉంటున్నది. చాలా ల్యాప్‌టాపులకు కంపెనీలు చెప్పే హద్దు 35 డిగ్రీలు. కారులో వదిలేసి జమియాకు వెళ్ళడం, పరుపు మీదో దుప్పటి మీదో పెట్టి సినిమా చూడడం, రెండూ దానికి శిక్షలే. సల్వా పక్కనే సముద్రం. ఆగస్టు చివర ఉక్కపోత గాలిలోకి ఏసీ గదిలోని చల్లటి ల్యాప్‌టాప్‌ను తెస్తే కళ్ళద్దాల్లాగే దానికీ చెమట పడుతుంది. పావుగంట బ్యాగులోనే ఉంచి తరువాత తెరవండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం ఇంకేమీ చూడకుండా ఆపేసి చార్జర్ తీసేయండి. లోపల బ్యాటరీ పొంగుతోంది, అది ప్రమాదం. పిల్లలూ, మీరు దాన్ని నొక్కి సరిచేయాలని చూడకండి, నాన్నకు చెప్పండి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి చార్జర్ మీదే నడుస్తున్న ల్యాప్‌టాపులకు కరెంటు కోత కూడా గండమే. 2024 జూన్‌లో కువైట్‌లో ఎండలకు తాళలేక కోతలు పెట్టినప్పుడు రెండు వారాల్లో నా దగ్గరికి ఐదు వచ్చాయి.

ఇంట్లో తేలకపోతే హవల్లీలోని ఇబ్న్ ఖల్దూన్ వీధి ఎలాగూ ఉంది. వెళ్ళేముందు జబ్బు లక్షణాలు కాగితం మీద రాసుకెళ్ళండి, మా కిందింటి పాప రాసినట్టు. డేటా కావాలో వద్దో మీరే ముందు చెప్పండి, వాళ్ళు అడిగేదాకా ఆగకండి. ఆ మాట రసీదు మీద కూడా రాయించండి. డిస్కు మారిస్తే పాతది మీ చేతికి తీసుకోండి, అందులో మీ సివిల్ ఐడీ కాపీలూ పిల్లల ఫొటోలూ ఉంటాయి. ఇక అక్కడ పార్కింగ్ ఎక్కడ దొరుకుతుందని మాత్రం నన్ను అడగకండి!